అరవై వేలతో ఏ వ్యాపారం? ముందు ఆ యంత్రానికి అడ్వాన్సు కట్టకు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ అయి రెండేళ్లయింది, పరకాలలో అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నావు, చేతిలో అరవై వేలు ఉన్నాయి. పేపర్ ప్లేట్ల యంత్రం అమ్మేవాళ్లు "మీరు చేసిన సరుకంతా మేమే తిరిగి కొంటాం" అంటున్నారు. సోమవారంలోగా ఇరవై వేలు అడ్వాన్సు కట్టమంటున్నారు. కట్టాలా, లేక ఈ డబ్బుతో ఇంకేదైనా చేయవచ్చా అని అడిగావు. మిగతాదంతా తీరికగా చదువుకో గాని, ఆ ఇరవై వేలు మాత్రం కట్టకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను 2003లో ఆరు వేల రూపాయలతో హనుమకొండలో కారం, పిండివంటలు చేసి అమ్మడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే నా జీవనం. మధ్యలో 2009లో నాకూ ఒక యంత్రం అంటగట్టారు. అగరబత్తుల యంత్రం, ఎనభై వేలు. మా ఆయన చిట్టీ పాడి తెచ్చిన డబ్బు అది. ముడిసరుకు వాళ్లే ఇస్తారు, తయారైన బత్తులు వాళ్లే కొంటారు అని కాగితం మీద రాసి ఇచ్చారు. మొదటి నెల సరుకంతా కొన్నారు, డబ్బు కూడా చేతికిచ్చారు. రెండో నెల సగం సరుకు నాణ్యత లేదని తిప్పి పంపారు. నాలుగో నెలకు ఫోను ఎత్తడం మానేశారు. ఆ యంత్రాన్ని చివరకు పాత ఇనుము ధరకు పదకొండు వేలకు ఇచ్చేశాం. ఆ చిట్టీ వాయిదాలు మాత్రం ఇంకో ఏడాదిన్నర కట్టాం.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. వాళ్ల లాభం యంత్రం అమ్మకంలోనే ఉంది. మొదటి నెల మన దగ్గర కొన్నది మన సరుకు మీద నమ్మకంతో కాదు, మన నోటి మాటతో ఇంకో నలుగురు యంత్రం కొంటారని. ఆ కాగితంలో "నాణ్యత బాగుంటేనే" అన్న ఒక్క వాక్యం ఉంటుంది. నాణ్యత బాగుందో లేదో చెప్పేది వాళ్లే. నీకు ఇంకా అనుమానంగా ఉంటే వాళ్లను రెండే అడుగు: రెండేళ్ల క్రితం యంత్రం కొన్న ముగ్గురి ఇళ్లు చూపించమను. లేదా యంత్రం నెల అద్దెకిమ్మని, వాళ్లు కొనే సరుకు డబ్బులో అద్దె కోసుకోమని అడుగు. నిజంగా సరుకు కావలసినవాళ్లయితే దానికి ఒప్పుకుంటారు.

పేపర్ ప్లేట్లకు గిరాకీ లేదని నేను అనను. పెళ్లిళ్లు ఉన్నాయి, టిఫిన్ బండ్లు ఉన్నాయి. కాని ఒక్కో ప్లేటు మీద మిగిలేది పైసల్లో. ఆ పైసలు రూపాయలు కావాలంటే లక్షల ప్లేట్లు అమ్మాలి. వరంగల్ బీట్ బజార్‌లో ఒకసారి తిరిగి ప్లేట్ల కట్ట ఎంతకు వస్తోందో అడుగు, అదే కాగితం కిలో ఎంతో అడుగు. పెద్ద యంత్రాలున్నవాళ్లు అమ్మే ధర కంటే నువ్వు తయారుచేసే ఖర్చే ఎక్కువ అని నీకే తేలుతుంది.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అది నెలకు రెండు మూడుసార్లు తిరిగి మన చేతికి రావాలి. యంత్రంలో పెడితే ఒకచోట గడ్డకట్టుకుపోతుంది. దుకాణం అడ్వాన్సులో, ఫర్నిచర్‌లో, పేరు బోర్డులో పెట్టినా అంతే. సరుకులో పెట్టి, పదిహేను రోజుల్లో అమ్మి, మళ్లీ సరుకు కొనగలిగితే అరవై వేలు రెండు లక్షల పని చేస్తాయి. నీ ఊరి చుట్టూ అలాంటి సరుకు ఏముంది అని చూడు.

నాకైతే కళ్లెదుట కనిపించేది మిరప. పరకాల, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, మహబూబాబాద్ అంతా మిరప పండే నేల. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ నీకు గంట పైచిలుకు దూరం. జనవరి చివరి నుంచి కొత్త మిరప దిగడం మొదలై మార్చి, ఏప్రిల్‌లో యార్డు ఎర్రగా నిండిపోతుంది. సరిగ్గా అప్పుడే ప్రతి ఇంట్లో ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటారు, మే నెలలో మామిడికాయ పచ్చడి పెడతారు. మా అమ్మకాలంలో ప్రతి ఇల్లాలూ మిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, డాబా మీద ఎండబెట్టి గిర్నికి పంపేది. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తున్నారు, అపార్టుమెంట్లలో ఎండబెట్టే చోటు లేదు. కాని దుకాణంలో దొరికే ప్యాకెట్ కారం మీద వాళ్లకు మనసు ఒప్పదు. ఎవరో తెలిసినవాళ్లు పట్టించి ఇస్తే బాగుండునని చూస్తుంటారు. ఆ తెలిసినవాళ్లుగా నువ్వు మారడమే ఇక్కడ వ్యాపారం.

ముందు మిరప రకాలు తెలుసుకో. తేజ మంట ఎక్కువ. చపాట, దాన్నే టమాటా మిరప అని కూడా అంటారు, మంట తక్కువ, రంగు చిక్కగా వస్తుంది. పచ్చళ్లకు అందుకే దాన్ని వెతుక్కుంటారు, ధర కూడా ఎక్కువే. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఆ గుర్తింపు పేరును అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా ప్యాకెట్ మీద అచ్చు వేయడం కుదరదు, ఆ పొరపాటు చేయకు. ఇవి కాక వండర్ హాట్, 341 లాంటి రకాలు ఉంటాయి. ఇంటి వాడకానికి నేను రెండు పాళ్లు మంట ఉన్న రకం, ఒక పాలు చపాట కలుపుతాను. పచ్చడి కారానికి ఆ లెక్క తిరగబడుతుంది. నీ కొనుగోలుదారుల నాలుక ఎటు మొగ్గుతుందో నాలుగు ఇళ్లలో అడిగితే తెలిసిపోతుంది.

మార్కెట్‌కు వెళ్లిన మొదటి రోజే కొనకు. పొద్దున్నే వెళ్లి జెండా పాట విను. మంచి సరుకుకు ఆ రోజు పలికిన ధర అది. పేపర్లలో వచ్చేది కూడా అదే, కాని లోపల చాలా బస్తాలు అంతకంటే తక్కువకే పోతాయి. యార్డులో పాట పాడేది లైసెన్సు ఉన్న వ్యాపారులు. నీలాగా ఒకటి రెండు బస్తాలు కావలసినవాళ్లు ఒక అడ్తి దుకాణంతో (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టేవాళ్లు) పరిచయం పెట్టుకుని, వాళ్ల ద్వారా తీసుకోవాలి. లేదా నీ ఊళ్లోనే మిరప వేసిన రైతు కల్లం దగ్గరకు వెళ్లి, ఆ రోజు మార్కెట్ ధర నగదుగా ఇచ్చి రెండు బస్తాలు అడుగు. రైతుకు బండి కిరాయి, మార్కెట్ ఖర్చులు మిగులుతాయి కాబట్టి సంతోషంగా ఇస్తారు. మీ నాన్నగారికి తెలిసిన రైతులు ఉంటారు. నీ దగ్గరున్న అసలు పెట్టుబడి ఆ పరిచయమే.

కొనేటప్పుడు బస్తాలో చేయి లోపలి దాకా పెట్టి కాయలు తీయి. పైన ఎర్రగా ఉండి కింద తాలు, అంటే రంగు పోయిన నాసి కాయలు, ఉండవచ్చు. కాయను చేతిలో నలిపితే గలగలలాడాలి. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. తేమ సరుకు బరువుకు బరువు నష్టం, పైగా లోపల బూజు పడుతుంది. బూజు పట్టిన కాయను ఎండబెట్టి పట్టిస్తే పైకి కనిపించదు, తిన్నవాళ్ల ఆరోగ్యానికి మాత్రం చేటు చేస్తుంది. నా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు నేను మొదటి రోజే చెప్పేది ఇదే: మీ పిల్లల అన్నంలో వేయలేని కాయను బుట్టలో వేయకండి.

ఇప్పుడు లెక్క. మిరప ధర ఏటేటా మారుతుంది, కాబట్టి లెక్క తెలియడానికి కిలో రెండు వందలు అనుకుందాం. నలభై కిలోల బస్తా ఎనిమిది వేలు. తొడిమలు తీయడానికి కిలోకు పది చొప్పున నాలుగు వందలు. తొడిమలు, తాలు, దుమ్ము, ఎండలో పోయే తేమ తీసేస్తే చేతికి ముప్పై ఐదు కిలోల కారం వస్తుంది. గిర్ని కూలి సుమారు ఏడు వందల నలభై. అర కిలో కవర్లు డెబ్బై, లేబుళ్లతో కలిపి మూడు వందల యాభై. బండి కిరాయి, హమాలీ మూడు వందలు. మొత్తం తొమ్మిది వేల ఏడు వందల తొంభై. అంటే కిలో నీకు రెండు వందల ఎనభై పడింది. మూడు వందల అరవైకి అమ్మితే బస్తా మీద రెండు వేల ఎనిమిది వందలు మిగులుతాయి. ఇందులో నీ కష్టం కూలి కూడా ఉంది, అది మరిచిపోవద్దు. మొదటి ఏడాది పది రోజులకు ఒక బస్తా చొప్పున అమ్మినా మార్చి నుంచి మే దాకా తొమ్మిది బస్తాలు, పాతిక వేలు. ఇది గొప్ప సంపాదన అని నేను చెప్పడం లేదు. కాని మూడు నెలల తర్వాత నీ అరవై వేలు నీ దగ్గరే ఉంటాయి, వాటి పక్కన ఇంకో పాతిక వేలు ఉంటాయి, నూట యాభై ఇళ్ల ఫోను నంబర్లు ఉంటాయి. రెండో ఏడాది ఆ నంబర్లే నీకు సరుకు అమ్మిపెడతాయి.

గిర్ని పెట్టుకోవాలని మాత్రం ఇప్పుడే ఆలోచించకు. ఊరి గిర్నిలో పట్టించు. రోకళ్లతో దంచే గిర్ని దొరికితే ఇంకా మంచిది. అక్కడ జాగ్రత్తలు రెండున్నాయి. నీకంటే ముందు ధనియాలో పసుపో పట్టించి ఉంటే ఆ పిండి లోపల మిగిలి ఉంటుంది. అందుకే మొదట పడే కిలో పక్కకు తీసి ఇంటికి వాడుకో, అమ్మకంలో కలపకు. రెండోది, గిర్ని నుంచి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. దాన్ని శుభ్రమైన గుడ్డ మీద నీడలో పలచగా పరిచి పూర్తిగా చల్లారాకే కవర్లలో నింపాలి. తొందరపడి వేడి మీద సీలు వేస్తే లోపల చెమ్మ పడుతుంది, రెండు నెలలకు గడ్డకడుతుంది. నేను మొదటి ఏడాది ఇలాగే పన్నెండు కిలోలు వెనక్కి తీసుకున్నాను. అందరికీ మళ్లీ కొత్త కారం ఇచ్చాను. ఆ పన్నెండు కిలోల నష్టం వల్లే మా వీధి మొత్తం ఇప్పటికీ నా దగ్గరే కొంటుంది.

అరవై వేలను ఇలా పంచుకో. కాటా, చేతి సీలింగ్ యంత్రం, టార్పాలిన్లు, మూతలున్న స్టీలు డబ్బాలు, అన్నీ కలిపి పది వేలు దాటనివ్వకు. సరుకుకు పాతిక వేలు. మిగిలిన పాతిక వేలు బ్యాంకులో ఉండాలి. మొదటి సరుకు పాడైతే రెండోసారి నిలబడడానికి అది కావాలి. నేను చూసినంతలో చిన్న వ్యాపారం మూతపడిన వాళ్లలో ఎక్కువమంది మొదటి విడతలోనే ఉన్నదంతా పెట్టేసినవాళ్లు.

వేసవి అయ్యాక ఏమిటి అంటావు. కారం మీద ఆధారపడితే జూన్ నుంచి చేతులు కట్టుకోవాలి. అప్పుడు హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, హనుమకొండలో కోచింగ్ పిల్లల హాస్టళ్లు చూసుకోవాలి. వాళ్లు ఇంటి ధర ఇవ్వరు, కాని నెలనెలా తీసుకుంటారు. పసుపు కొమ్ములు నిజామాబాద్ వైపు నుంచి వస్తాయి, అదే గిర్నిలో పట్టించవచ్చు. ఇక సంక్రాంతికి నెల ముందు నుంచి సకినాలు. పెళ్లి తర్వాత ఆడపిల్ల వాళ్లు పెట్టే సారెలో సకినాలు లేకుండా మన వైపు జరగదు కాబట్టి పెళ్లిళ్ల నెలల్లో కూడా గిరాకీ ఉంటుంది. బియ్యం నానబెట్టి, తడి పిండి పట్టించి, నువ్వులు, వాము వేసి, బట్ట మీద చేత్తో చుట్టలు చుట్టడం వచ్చినవాళ్లు మీ ఊళ్లో కనీసం పదిమంది ఉంటారు. ఆ చేతి వాటమే దాని విలువ. వాళ్లకు కిలో లెక్కన కూలి ఇచ్చి, అదే రోజు సాయంత్రం చేతిలో పెట్టు. సకినాలు బట్ట మీద తేమ ఆరకముందే నూనెలో వేస్తే పేలతాయి, చేతులు కాలతాయి. ఆర్డరు తొందరలో కూడా ఆ గంట ఆగాల్సిందే. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకు తల్లిదండ్రులు పంపేవి ఆర్టీసీ కార్గోలో వెళ్తాయి. డబ్బాలో కాగితం దట్టంగా కూరి ప్యాక్ చేయడం నేర్చుకుంటే విరగకుండా చేరతాయి.

కాగితాల పని భయపడేంత లేదు. తినే వస్తువు కాబట్టి ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నమోదు తప్పనిసరి. నేను తీసుకున్నప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు సంవత్సరానికి 100 రూపాయల రుసుము. ఆన్‌లైన్‌లో నువ్వే చేసుకోవచ్చు. 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని ప్యాకెట్ మీద వేయాలి. దానితోపాటు నీ పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, ఎప్పటిలోగా వాడాలి, గరిష్ఠ చిల్లర ధర, ఫోను నంబరు ఉండాలి. కారం, పసుపు లాంటి పొడులు విడిగా తూకం వేసి అమ్మకూడదు, ప్యాకెట్‌లోనే అమ్మాలి. రంగు కలపడం నేరం. ఎవరైనా హోటలువాళ్లు "కొంచెం రంగు పెంచు" అంటే ఆ ఖాతా వదులుకో. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, దానికి వెయ్యి, రెండు వేలు అడిగే ఏజెంట్లకు ఇవ్వకు. జీఎస్టీ విషయంలో ఒక మాట గుర్తుంచుకో: సరుకు అమ్మేవాళ్లకు చాలా రాష్ట్రాల్లో ఏడాది అమ్మకం 40 లక్షల దాకా నమోదు అక్కర్లేదు, తెలంగాణలో మాత్రం ఆ హద్దు 20 లక్షలే. ఇంటర్నెట్‌లో చూసి 40 అనుకుని ఇబ్బంది పడినవాళ్లను చూశాను.

అప్పు గురించి కూడా అడిగావు. మొదటి ఆరు నెలలు అప్పు వద్దు. లెక్కల పుస్తకం రాయి, డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే తిప్పు. ఆ తర్వాత చిన్న వ్యాపారాలకిచ్చే కేంద్ర ముద్ర పథకంలో శిశు రుణం 50,000 దాకా తనఖా లేకుండా ఇస్తారు, నీ ఖాతాలో కదలిక చూసి మేనేజరు మాట వింటారు. మీ అమ్మగారు మహిళా సంఘంలో ఉంటే ఆ దారి ఇంకా సులువు, వడ్డీ కూడా తక్కువ. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో గ్రామాల్లో జనరల్ వాళ్లకు 25 శాతం, మహిళలు, బీసీ, ఎస్సీ, ఎస్టీ తదితరులకు 35 శాతం సబ్సిడీ అన్నది 2025-26 దాకా ఉన్న నిబంధన. అయితే ఆ సబ్సిడీ నీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో జమ అవుతుంది. సబ్సిడీ డబ్బుతో వ్యాపారం నడుపుదామని లెక్కవేసుకుంటే మధ్యలో ఆగిపోతావు.

కారం, వంటలు నీకు నచ్చకపోతే ఇంకొకటి చెబుతాను, నా తమ్ముడి అనుభవం మీద. మోటారు వైండింగ్, అంటే కాలిపోయిన మోటారుకు రాగి తీగ మళ్లీ చుట్టడం. ఉత్తర తెలంగాణలో బోరు లేని పొలం తక్కువ. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక మోటార్ల వాడకం ఇంకా పెరిగింది. పంట చేతికొచ్చే వేళ మోటారు కాలితే రైతు రెండు రోజులు కూడా ఆగలేడు. ఒక మంచి మిస్త్రీ దగ్గర ఆరు నెలలు, వీలైతే ఏడాది, పని నేర్చుకోవాలి. ఆ కాలంలో సంపాదన దాదాపు ఉండదు, అది ముందే ఇంట్లో చెప్పు. నేర్చుకున్నాక రాగి తీగ డబ్బు రైతు ముందే ఇస్తాడు కాబట్టి నీ పెట్టుబడి పనిముట్లే. మీ ఇంట్లో మోటారు విప్పి చూసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంటే నేను కారం కంటే దీన్నే ముందు చెబుతాను.

మేడారం జాతరలో దుకాణం పెడదామని కూడా రాశావు. రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. బెల్లం, కొబ్బరికాయలు అమ్మి లాభం చూసినవాళ్లు ఉన్నారు, కాని వాళ్లకు మిగతా ఏడాదంతా వేరే వ్యాపారం ఉంది. జాతరను అదనపు రాబడిగానే చూడు. నాటుకోళ్లు అనుభవం లేకుండా వద్దు, ఒక్క తెగులు వస్తే వారంలో షెడ్డు ఖాళీ.

ఉద్దెర (అరువు) గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. కిరాణా దుకాణాలవాళ్లు "పెట్టి వెళ్లు, అమ్ముడుపోయాక ఇస్తాం" అంటారు. నేను 2006లో పద్నాలుగు దుకాణాలకు అలా వేశాను. సరుకు అమ్ముడుపోయింది, డబ్బు మాత్రం తిరిగి తిరిగి చెప్పులరిగినా సగమే వచ్చింది. ఇప్పుడు ఏ దుకాణానికైనా మొదటిసారి ఐదు ప్యాకెట్లే ఇస్తాను. వాటి డబ్బు ఇచ్చాకే తర్వాతి ఐదు. చుట్టాలకు కూడా ఇదే పద్ధతి పెట్టు. మొదట్లో ముఖం మాడ్చుకుంటారు, మూడోసారికి అలవాటవుతుంది. మీ మేనమామ ఇంటికి ఊరికే ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, కాని ఆ ప్యాకెట్ డబ్బు నీ జేబులోంచి తీసి వ్యాపారం డబ్బాలో వేయి. అప్పుడే లెక్క తప్పకుండా ఉంటుంది.

ఈ వారం ఒక్క పని చెయ్యి. బస్తా కూడా వద్దు, తెలిసిన రైతు దగ్గర ఆరు కిలోల మంచి మిరప తీసుకో. అమ్మతో కలిసి తొడిమలు తీసి, రెండు రోజులు ఎండబెట్టి, పట్టించి, పావు కిలో చొప్పున ఇరవై ఇళ్లకు రుచి చూడమని ఇవ్వు. మీ వీధిలో ఉద్యోగస్తుల ఇళ్లు, మీ పాత కాలేజీ లెక్చరర్ల ఇళ్లు, బ్యాంకు సిబ్బంది. డబ్బు అడగకు, వారం తర్వాత వెళ్లి ఎలా ఉందని మాత్రం అడుగు. ఎంతమంది "ఏడాదికి సరిపడా మాకు కావాలి" అన్నారో, ఎంతమంది మంట ఎక్కువైందన్నారో, మొత్తం ఎంత ఖర్చయిందో రాసి ఇక్కడ పెట్టు. మొదటి బస్తా ఏ రకం కొనాలో ఆ కాగితం చూసి ఇద్దరం కలిసి తేలుద్దాం.